తోటికోడళ్ళ డబ్బా

గడిచిన వారం చిన్న డాక్టరమ్మను మనం ఒక బల్ల ముందు, రెండు మందు సీసాల ఎదుట వదిలేసి వచ్చాం. మనకు వారం గడిచింది కానీ ఆమెకు గడిచింది అర నిమిషమే. ఆ అర నిమిషంలో ఆమె చేసిందల్లా కళ్ళజోడు తీసి, కోటు అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోవడం. సీసాల్లో లెక్క మాత్రం మారలేదు.

సంగతి మరచిన వారి కోసం నాలుగు ముక్కలు. ఆమె క్లినికల్ ఫార్మకాలజీ విభాగంలో చివరి సంవత్సరం పీజీ. మోకాళ్ళ నొప్పులకు వచ్చిన ఒక కొత్త మాత్ర నిజంగా పనిచేస్తుందా లేదా అన్నది ఆమె థీసిస్. అరవై మందిని చేర్చుకుంది. సగం మందికి అసలు మందు, సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్ళిందో మింగేవారికీ తెలియదు, ఇచ్చే ఆమెకూ తెలియదు. ఆ రహస్యం సీలు వేసిన కవరులో, మందుల స్టోరు బీరువాలో నిద్రపోతోంది. రోగులు నాలుగు వారాలకోసారి వస్తారు. ముప్ఫై అయిదు మాత్రలున్న సీసా తీసుకెళ్ళి, రోజుకొకటి చొప్పున ఇరవై ఎనిమిది మింగి, మిగిలిన ఏడింటినీ సీసాతో సహా తిరిగి తెస్తారు. ఆమె వాటిని లెక్కపెట్టి ఫారంలో రాస్తుంది. సీసాలో ఏడుంటే ఆ మనిషి మాట విన్నట్టు.

ఇరవై రెండో నంబరు సీసాలో పదకొండు ఉన్నాయి. ఇరవై మూడో నంబరులో మూడు.

ఈ రెండు నంబర్లూ ఒకే ఇంటి కోడళ్ళవి. పెద్దకోడలు ఇరవై రెండు, చిన్నకోడలు ఇరవై మూడు. నెల కిందట వచ్చినప్పుడు ఇద్దరి సీసాల్లోనూ పొల్లుపోకుండా ఏడేసి ఉన్నాయి. అప్పుడు చిన్న డాక్టరమ్మ ముచ్చటపడిపోయి, వాళ్ళ వెంట తోడుగా వచ్చే అత్తగారిని బయట రోగులు కూర్చునే బెంచీ ముందు నిలబెట్టి, "చూడండి, ఇలా ఉండాలి. అమ్మా, మీ కోడళ్ళతో మాత్రలు ఎలా వేయిస్తున్నారో వీళ్ళక్కూడా కాస్త చెప్పండి" అని అందరిచేతా చప్పట్లు కొట్టించింది. అత్తగారు అంతమందిలో పొగడ్త వినడం అదే మొదటిసారి కాబోలు, చాలాసేపు కూర్చోలేదు.

ఆ పాఠం బెంచీకి బాగానే ఎక్కింది. ఈ గురువారం వంతు పద్దెనిమిది మందిది. పొద్దుటి నుంచి లెక్కపెట్టిన పదహారు సీసాల్లోనూ ఏడే. డ్రిల్లు మాస్టారిగా పనిచేసి రిటైరైన ఒకాయన అయితే సీసా బల్ల మీద పెట్టి "ఏడు!" అని సెల్యూట్ కొట్టినంత పని చేశాడు. పదహారు మందికీ కొత్త సీసాలిచ్చి, ఆమె హుషారుగా పదిహేడో మనిషి దగ్గరికి వచ్చింది. వచ్చి, ఇదిగో, ఇలా ఆగిపోయింది.

పదకొండూ మూడూ కలిపితే పద్నాలుగు. అందులో సగం ఏడు. ఈ సీసాలోంచి నాలుగు తీసి ఆ సీసాలో వేస్తే ఇద్దరికీ సమంగా సరిపోతాయి. దీనికి పీజీ చదవక్కర్లేదు, రెండో తరగతి చాలు. రెండు సీసాల మధ్య జానెడు దూరం. గదిలో ఇంకెవరూ లేరు.

గోడ గడియారం పదీ ఇరవై అయిదు చూపిస్తోంది. పదకొండింటికి, పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం నుంచి తనిఖీకి ఒకాయన వస్తున్నాడు. విభాగంలో ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. కిందటేడు పక్క విభాగంలో ఒక పీజీ, తేదీ మీద తేదీ దిద్దాడని, అతన్ని ఆర్నెల్లు వెనక్కి నెట్టించాడు. పైగా అరవై మందిలో ఆరుగురు ఇప్పటికే మధ్యలో మానేశారు. సరిగ్గా మింగినవాళ్ళు యాభై రెండు మందైనా లేకపోతే ఈ ట్రయల్ దేన్నీ తేల్చదని లెక్కల నిపుణుడు మొదటిరోజే చెప్పాడు. మిగిలింది యాభై నలుగురు. వీళ్ళిద్దరూ పోతే యాభై ఇద్దరు. ఇక అంచు మీద నిలబడినట్టే. తర్వాత ఒక్కరు జారినా ఆమె చదువు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

ఆమె చేయి లెక్కపెట్టే పళ్ళెం మీద ఉంది.

అది విభాగం వాళ్ళిచ్చిన పళ్ళెం కాదు. వాళ్ళ నాన్నది. ఆయన ముప్ఫై ఏళ్ళు కాంపౌండరు. ఒక అంచు అరిగి వెండిలా మెరిసే ఆ రేకు పళ్ళెంలో అయిదేసి మాత్రల్ని పెద్ద చప్పుడు కాకుండా పక్కకు జరిపేవాడు. ఒకసారి అయ్యాక మళ్ళీ మొదటి నుంచి. ఎందుకు నాన్నా రెండుసార్లు అని చిన్నప్పుడు అడిగితే, "మొదటిసారి నేను లెక్కపెడుతున్నానమ్మా. రెండోసారి మింగేవాళ్ళు లెక్కపెడుతున్నారు" అన్నాడు. ఆయన పోయి పది నెలలైంది. చివరి నెలలో ఆయన మాత్రల్ని ఆమె ఈ పళ్ళెంలోనే లెక్కపెట్టింది. చివరికి పదహారు మిగిలాయి. ఆ లెక్క ఏ ఫారంలోనూ రాయనక్కర్లేదు. అయినా ఆమెకు గుర్తుంది.

రెండోసారి లెక్కపెట్టింది. పదకొండు. మూడు.

ఫారంలో పదకొండు అని రాసింది. మూడు అని రాసింది. మూడు కాస్త వంకరగా పడింది. దిద్దలేదు. లేచి వెళ్ళి తలుపు తీసి, "ఇరవై రెండు, ఇరవై మూడు లోపలికి రండమ్మా" అని పిలిచింది.

ముందుగా వచ్చింది అత్తగారు. ఆవిడకు నంబరు లేదు. మోకాళ్ళ నొప్పి కూడా లేదు. అయినా రోగి కూర్చునే కుర్చీలో ఆవిడే కూర్చుంది. కోడళ్ళిద్దరూ ఆవిడకు చెరోపక్కా నిలబడ్డారు.

"అమ్మా, ఈ నాలుగు వారాలూ మాత్రలు ఎలా వేసుకున్నారు?" అని అడిగింది చిన్న డాక్టరమ్మ.

"నీళ్ళతో" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు ఆమెను మోచేత్తో పొడిచింది. "రోజూ వేసుకున్నామండీ. ఒక్కరోజు తప్పలేదు. కావాలంటే మా అత్తయ్యనడగండి."

"మరి మీ సీసాలో పదకొండు మిగిలాయి. ఆవిడ సీసాలో మూడే ఉన్నాయి."

పెద్దకోడలు డాక్టరమ్మ వైపు చూడలేదు. నేరుగా తోటికోడలి మీదికి తిరిగింది. "చెప్పానా? లెక్కపెట్టి పొయ్యవే అని చెప్పానా లేదా?"

"ఎక్కడ లెక్కపెట్టనిచ్చావక్కా! బస్సొచ్చేసింది, బస్సొచ్చేసింది అని గుమ్మంలో నిలబడి ఒకటే గోల. దొరికిన కాడికి పోసేసి మూత పెట్టా."

"పొయ్యడమేంటి?" అంది చిన్న డాక్టరమ్మ. "ఎందులోంచి పొయ్యడం?"

ఇద్దరూ ఒక్కసారిగా గోడ గడియారం వైపు చూశారు. దాన్నుంచి సాయమేమీ అందలేదు.

అత్తగారు నిట్టూర్చి, చేతిసంచిలోంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత మీద ఎప్పటిదో గులాబీ బొమ్మ, సగం చెరిగిపోయింది. "దాచడానికేముంది? ఇందులోంచి."

చిన్న డాక్టరమ్మ మూత తీసింది. ఖాళీ. అడుగున తెల్లటి పొడి కొంచెం అంటుకుని ఉంది.

"రెండు సీసాలూ ఇందులో కలిపేశారా?"

"కలపక? మొదటిరోజు నువ్వేమన్నావు తల్లీ? మీలో ఒకరికి అసలు మందు రావచ్చు, ఇంకొకరికి ఉత్తది రావచ్చు, ఎవరికేది వచ్చిందో దేవుడికి కూడా తెలీదన్నావు."

"దేవుడి మాట నేనన్లేదమ్మా."

"కవరుకి తెలుసన్నావు. ఏదో ఒకటిలే. ఇప్పుడు నా మాట విను. మా ఇంటికి మేడుంది. మేడ మీద బట్టలారేసే తీగుంది. మధ్యలో ముప్ఫై ఒక్క మెట్లు. ఇన్నాళ్ళూ ఇద్దరికీ నొప్పులే కాబట్టి వంతులేసుకుని ఎక్కుతున్నారు. సణుక్కుంటూ ఎక్కుతారు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ దిగుతారు, ఇల్లు నడిచిపోతోంది. నువ్వు ఒకదానికి మంచి మందిచ్చి, ఇంకోదానికి ఉత్తదిచ్చావనుకో. బాగైనదే రోజూ బకెట్టు మొయ్యాలి. 'తగ్గడం నేను చేసిన తప్పా' అని అది. 'నీకైతే మంచిదిచ్చారు' అని ఇది. నడుమ నా కొడుకులిద్దరూ పేపరు వెనకాల దాక్కుంటారు. ఆరునెల్లు తిరిగేసరికి రెండు పొయ్యిలు. నీ పరీక్ష కోసం నా ఇంటిని రెండు ముక్కలు చెయ్యమంటావా?"

చిన్న డాక్టరమ్మ డబ్బాకు మూత పెట్టింది.

"అందుకే కలిపేశా. మంచైనా చెడైనా ఇద్దరికీ సమానం. పొద్దున్నే ఇద్దర్నీ నిలబెట్టి చెరొకటి ఇస్తా. అదీ కళ్ళు మూసుకుని తీస్తా."

"కళ్ళు మూసుకునా?"

"చూసి తీస్తే ఏరి ఇచ్చాననరూ?"

మూడేళ్ళుగా చిన్న డాక్టరమ్మ చదివిన పుస్తకాల్లో సగం ఈ ఒక్క సంగతి గురించే. మందు పంచే చేతికి మనసులో ఏ మొగ్గూ ఉండకూడదని ఎంతమంది ఎన్నెన్ని పద్ధతులు కనిపెట్టారో ఆమె పరీక్షలో పద్నాలుగు పేజీలు రాసింది. ఆ పద్నాలుగు పేజీల సారం ఒక అత్తగారి వంటింట్లో బిస్కెట్ల డబ్బా దగ్గర రోజూ జరిగిపోతోంది. తప్పు చోట జరుగుతోంది, అంతే.

ఆమె ఫైల్లోంచి అంగీకార పత్రాలు తీసి, నాలుగో పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది. "అమ్మా, ఇక్కడ చూడండి. 'నాకిచ్చిన మాత్రలను ఇతరులకు ఇవ్వను' అని ఉంది. దీని కింద మీ కోడళ్ళిద్దరూ సంతకాలు పెట్టారు. చదివే కదా పెట్టారు?"

"ఒకటికి రెండుసార్లు చదివించా. ఇతరులకివ్వలేదే!"

"ఒకరి మాత్రలు ఒకరు మింగారు కదమ్మా."

అత్తగారు ఆమె వంక జాలిగా చూసింది. ఇంత చదువు చదివిన పిల్లకు ఇది కూడా తెలియదా అన్నట్టు.

"తోటికోడలు ఇతరులా?"

చిన్న డాక్టరమ్మ నాలుగో పేజీని మళ్ళీ ఒకసారి చదివింది.

ఆ పత్రాన్ని ఆమె ఏడుసార్లు తిరగరాసింది. నైతిక సంఘంలో తొమ్మిదిమంది పెద్దలు దాన్ని మూడు సమావేశాల్లో చదివారు. అక్షరాల సైజు పెంచమన్నారు, ఫోన్ నంబరు రెండుచోట్ల వెయ్యమన్నారు, పేజీ అంచు తగ్గించమన్నారు. ఇతరులంటే ఎవరని ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ అడగలేదు. వాళ్ళ ఇళ్ళల్లోనూ తోటికోడళ్ళు ఉండే ఉంటారు.

ఆమె ఆ పత్రాలు పక్కన పెట్టింది. "సరే. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా గీత మీద గుర్తు పెట్టమన్నాను. ఇద్దరూ నాలుగు దగ్గరే పెట్టారు. అది మాత్రం ఎవరికి వారే పెట్టారా?"

"అక్క నాలుగు పెట్టింది" అంది చిన్నకోడలు. "పెద్దది నాలుగంటుంటే నేను తక్కువ పెడితే బాగుంటుందా?"

"అయితే మీకు నిజంగా ఎంతుంది?"

చిన్నకోడలు అత్తగారి వైపోసారి, తోటికోడలి వైపోసారి చూసి, గొంతు తగ్గించింది. "రెండుంటుందేమోనండీ."

"రెండా?" పెద్దకోడలు కుర్చీ వీపు పట్టుకుంది. "రెండు పెట్టుకుని నిన్న మెట్ల దగ్గర 'అక్కా, అడుగు పడట్లేదక్కా' అని కుంటావా? నీ బకెట్టు కూడా నా చేత మోయించావా?"

"నువ్వు మాత్రం? మొన్న పక్కింటి పెళ్ళికి వెళ్ళేటప్పుడు నీ మోకాలికేమైంది? నాకన్నా ముందు ఆటో ఎక్కావు!"

"పెళ్ళికెళ్తూ ఎవరైనా కుంటుతారా?"

"ఆగండే!" అంది అత్తగారు. ఇద్దరూ ఆగారు. ఆవిడ చిన్న డాక్టరమ్మ వైపు తిరిగి, తాపీగా, "చూశావా తల్లీ? ఒక్క రెండుకే ఇంత. ఇంక నీ కవరు విప్పితే ఏమవుతుందో నువ్వే ఆలోచించుకో" అంది.

ముగ్గుర్నీ మళ్ళీ బెంచీ మీద కూర్చోమని పంపించి, ఖాళీ డబ్బా, రెండు సీసాలు, ఫారాలు పళ్ళెంలో పెట్టుకుని, చిన్న డాక్టరమ్మ ప్రొఫెసరు గది తలుపు తట్టింది. అప్పటికి పదీ నలభై అయింది.

ప్రొఫెసరు ఆమెకు గైడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎవరేం చెప్పినా "ఆధారం?" అని అడగడం ఆయన అలవాటు. బయట వాన పడుతోంది సార్ అన్నా అంతే. ఒకసారి ఆయన భార్య ఫోన్ చేసి భోజనం చల్లారిపోతోందని చెబితే కూడా అదే మాట అన్నాడనీ, ఆ పూట ఆయనకు ఆధారం చల్లగానే దొరికిందనీ విభాగంలో చెప్పుకుంటారు.

ఆమె పళ్ళెం ఆయన ముందు పెట్టింది. "సర్, ఇరవై రెండో నంబరూ ఇరవై మూడో నంబరూ మాత్రలు కలిపేసుకున్నారు. రెండు నెలలుగా."

"ఆధారం?"

"ఇదిగో సర్, డబ్బా."

ఆయన డబ్బా మూత తీసి, అడుగున ఉన్న పొడి చూసి, మూత పెట్టాడు. ఆమె మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. మెట్లు, బకెట్టు, కళ్ళు మూసుకోవడం, తోటికోడలు ఇతరులా అన్న మాట, అన్నీ. ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు గానీ, కళ్ళు మూసుకోవడం దగ్గర మాత్రం "ఊఁ" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం పతకం అందుకోవడంతో సమానం. అత్తగారికి ఆ సంగతి తెలియదు.

ఫారం చేతిలోకి తీసుకుని వంకర మూడు వైపు చూశాడు. "నాలుగు మాత్రలు ఇటు వేసుంటే ఏడేడు అయ్యేవి."

"అవును సర్."

"ఆ ఆలోచన వచ్చిందా?"

"వచ్చింది సర్."

ప్రొఫెసరు కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. షెడ్డులో చూడటానికి పెద్దగా ఏమీ లేదు.

"నేను మార్చాను" అన్నాడు. "నీ వయసులో. ఆరు మాత్రలు. ఆ సీసాలోంచి ఈ సీసాలోకి. ఎవరూ చూడలేదు. ఆ థీసిస్‌కి పతకం కూడా ఇచ్చారు. అది మా ఇంట్లో ఎక్కడుందో మా ఆవిడకు తెలీదు. నాకు తెలుసు." ఫారం కింద పెట్టి, "అందరినీ ఆధారం అడుగుతానని నవ్వుకుంటారుగా మీరంతా. ముందు నన్నే అడుగుతుంటానమ్మా" అన్నాడు.

ఆమె పళ్ళెం అంచు మీద, వాళ్ళ నాన్న బొటనవేలు అరగదీసిన చోట, వేలు ఆనించి నిలబడింది.

ఆయన కలం మూత తీశాడు. "రాయి. జరిగింది జరిగినట్టు. ఎవరిని ఏ గుంపులో వేశామో ఆ గుంపులోనే ఉంచు, సరిగ్గా మింగినవాళ్ళ లెక్కలో మాత్రం చేర్చకు. భూతద్దం రాగానే ఆయన అడక్కముందే నువ్వే ఈ కాగితం చేతిలో పెట్టు. యాభై ఇద్దరు మిగులుతారు. చాలు. అంచు మీదున్నా పడలేదుగా."

చిన్న డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. 'ఇద్దరు రోగులు, ఒకే కుటుంబ సభ్యులు' అని రాసి, 'కుటుంబ పెద్ద సలహా మేరకు' అనాలా, 'ఆదేశం మేరకు' అనాలా అని ఒక్క క్షణం తటపటాయించి, ఆదేశమే అని రాసింది.

ప్రొఫెసరు ఆ రోజు మిగతా ఫారాలు తిరగేస్తున్నాడు. ఒకటి తిప్పాడు. రెండు తిప్పాడు. అయిదు తిప్పాక చెయ్యి నెమ్మదించింది.

"ఇవాళ ఎన్ని సీసాలు లెక్కపెట్టావు?"

"ఇవి కాక పదహారు సర్. అన్నీ కరెక్ట్. ఒక్కొక్క దాంట్లో ఏడు."

"అందరికీ ఏడేనా?"

"అందరికీ సర్" అంది ఆమె, కొంచెం గర్వంగానే.

"పోయిన నెల?"

"పోయిన నెల... ఒకరికి తొమ్మిది, ఒకరికి ఆరు, డ్రిల్లు మాస్టారికి పది... ఎవరికి తోచినట్టు వాళ్ళు తెచ్చారు సర్. అందుకే వీళ్ళ అత్తగారిని పొగిడి, మిగతావాళ్ళకి కూడా..."

ఆమె మాట అక్కడే ఆగిపోయింది.

"నేను ఇరవై ఎనిమిది రోజుల్లో రక్తపోటు మాత్ర మూడుసార్లు మర్చిపోతాను" అన్నాడు ప్రొఫెసరు మెల్లగా. "మందుల మీదే బతికే మనిషిని. పదహారుమంది మామూలు మనుషులు, అందులో ఒక్కరూ, ఒక్కరోజూ మర్చిపోలేదా? ఆ పదకొండూ మూడూ చూసి నాకు భయం వెయ్యలేదు. ఈ ఏడుల్ని చూస్తే వేస్తోంది."

తలుపు ఎవరో తట్టారు. తట్టిన వెంటనే తోసుకుని కూడా వచ్చారు. అత్తగారు.

"తల్లీ, పనైతే నా డబ్బా ఇచ్చేస్తావా? బయట వాళ్ళది చాలట్లేదట."

"ఏ వాళ్ళది?" అంది చిన్న డాక్టరమ్మ.

"మన బెంచీ వాళ్ళే. డ్రిల్లు మాస్టారు స్టీలు డబ్బా తెచ్చాడు గానీ, పదహారు సీసాలకి అదెక్కడ సరిపోతుంది?" ఆవిడ ప్రొఫెసరును చూసి కొంగు సర్దుకుని, నమస్కారం పెట్టి, మళ్ళీ డాక్టరమ్మ వైపు తిరిగింది. "నువ్వేగా చెప్పావు, మీరెలా చేస్తున్నారో వీళ్ళక్కూడా చెప్పండమ్మా అని? చెప్పా. పోయిన నెలే చెప్పా. చక్కగా అర్థం చేసుకున్నారు. నువ్విచ్చిన సీసాలన్నీ డబ్బాలో పోసి, కలిపి, ఎవరి ముప్ఫై అయిదు వాళ్ళు తీసుకుంటారు. మళ్ళీ నీ దగ్గరికి వచ్చేముందు ఎక్కువున్నవాళ్ళు తక్కువున్నవాళ్ళకిచ్చి ఏడేసి సరిచేసుకుంటారు, ఇంకా మిగిలితే డబ్బాలోనే ఉంచేస్తారు. మేమే ఇవాళ బస్సు ఆలస్యమై సరిచేసుకోలేకపోయాం. నీకు కష్టమైంది."

"అమ్మా..." చిన్న డాక్టరమ్మ లేచి నిలబడింది. చేతిలో ఉన్న కలం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "మీ కోడళ్ళంటే సరే. బెంచీ మీద వాళ్ళు... వాళ్ళు ఇతరులు కదమ్మా!"

అత్తగారి మనసు ఈసారి నిజంగానే నొచ్చుకుంది.

"అదేం మాటమ్మా? రెండు నెలలుగా ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాం. ఎవరి ఎడమ మోకాలు ఎప్పుడు పట్టేస్తుందో, ఎవరి కూతురు ఎందుకు అలిగిందో అన్నీ తెలుసు. వాళ్ళు ఇతరులా?"

ప్రొఫెసరు ఆధారం అడగలేదు. అడగనక్కర్లేకపోయింది. తెరిచిన తలుపులోంచి హాల్లో చప్పుడు వినిపిస్తోంది. చిన్న డాక్టరమ్మకు పసితనం నుంచి తెలిసిన చప్పుడే. కాకపోతే వాళ్ళ నాన్న చేతిలో అయిదేసిగా, మెత్తగా వినిపించేది ఇప్పుడు వందల కొద్దీ మాత్రలు స్టీలు డబ్బాలో గలగలా దొర్లుతూ వినిపిస్తోంది.

పళ్ళెం అక్కడే వదిలేసి ఆమె గుమ్మంలోకి పరుగెత్తింది.

బెంచీ అంతా డబ్బా చుట్టూ వంగి ఉంది. ఖాళీ సీసాలు పదహారూ నేల మీద బారులు తీరి నిలబడ్డాయి. డ్రిల్లు మాస్టారు డబ్బాను రెండు చేతులతో ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, లయగా ఊపుతున్నాడు. ఆయన ఎదురుగా, చంకలో ఫైలుతో, చేతిగడియారంలో పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలుండగానే వచ్చేసిన ఒక పెద్దమనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఆ డబ్బా వైపే చూస్తున్నాడు.

అలికిడి విని మాస్టారు ఊపడం ఆపి, కళ్ళు తెరిచాడు. కొత్త మనిషిని పైనుంచి కిందికి, ముఖ్యంగా మోకాళ్ళ దగ్గర, పరిశీలనగా చూశాడు. ఆత్మీయంగా పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

"కొత్తగా చేరారా? కూర్చోండి, కూర్చోండి. మొహమాటపడకండి, ఇక్కడ అందరం మనవాళ్ళమే. మీ సీసా కూడా ఇటివ్వండి, ఇందులో పోసేద్దాం."